కాఫీ తాగేలోపు వెలగాల్సిన ఫోన్

మా బావ ధర్మవరంలో పట్టుచీరలు నేస్తాడు. ఆయన నేతను తప్పుపట్టే అర్హత నాకు లేదు. కానీ ఆయన ఒక శాస్త్రం కూడా కనిపెట్టాడు. దాన్ని తప్పుపట్టే అర్హత మాత్రం నాకు పుష్కలంగా ఉంది.

ఆ శాస్త్రం ఇది. ఏదైనా ముఖ్యమైన పనికి ఇంట్లోంచి బయలుదేరే ముందు ఫోన్ ఆపి మళ్లీ వేయాలి. వేసిన వెంటనే మా అక్క చేతిలోంచి కాఫీ గ్లాసు అందుకోవాలి. కాఫీ అయిపోయేలోపు తెర మీద ఆయన పెట్టుకున్న దేవుడి బొమ్మ కనిపిస్తే బయలుదేరవచ్చు. గ్లాసు ఖాళీ అయ్యాక కూడా కంపెనీ గుర్తే వెలుగుతూ ఉంటే చెప్పులు విప్పేసి లోపలికి వచ్చేయాలి. ఆ రోజుకు ఆ పని లేదు.

నేను పిల్లి ఎదురైతే ఆగిపోయేవాళ్ల మీద, తుమ్ము వినపడితే కూర్చుండిపోయేవాళ్ల మీద, రాహుకాలం చూసుకుని బస్సు వదిలేసేవాళ్ల మీద ఏళ్ల తరబడి వ్యాసాలు రాశాను. హిందూపురంలోను, పెనుకొండలోను వేదికలెక్కి గొంతు పోయేదాకా వాదించాను. పాత శకునాలు ఒక్కొక్కటీ ముసలివైపోతున్నాయి, ఇంకొంత కాలానికి వాటంతట అవే పోతాయి అని లోలోపల ఒక ధైర్యం ఉండేది. ఆ ధైర్యాన్ని మా ఇంటి అల్లుడే తీసేశాడు. పిల్లి కనీసం ఎప్పుడో ఒకసారి ఎదురొస్తుంది. ఫోన్ ఇరవైనాలుగు గంటలూ జేబులోనే ఉంటుంది. శకునాన్ని చొక్కా జేబులో పెట్టుకుని తిరిగే జాతి మనది తప్ప ఇంకొకటి ఉంటుందా?

ఈ శాస్త్రం ఎలా పుట్టిందో నాకు బాగా తెలుసు. దసరా అయిన కొత్తల్లో ఒకరోజు బావ పట్టు కొనడానికి హిందూపురం బయలుదేరబోతున్నాడు. చేతిలో ఉన్న ఫోన్ దానంతటదే ఆరిపోయి, మళ్లీ వెలగడం మొదలుపెట్టింది. కంపెనీ గుర్తు వచ్చింది, పోయింది, మళ్లీ వచ్చింది. అవతల పట్టు అమ్మేవాడికి ఫోన్ చేయకుండా పోలేడు కనుక బావ కూర్చుని చూశాడు. అది ఎంతకూ లేవలేదు. ఈలోగా బస్సు వెళ్లిపోయింది. ఆ బస్సేమో పెనుకొండ దగ్గర చెడిపోయి ఆగింది. నేను ఉండేది పెనుకొండలోనే కాబట్టి ఆ బస్సును కళ్లారా చూశాను. ప్రయాణికులందరూ దిగి, చెట్టు నీడన మిరపకాయ బజ్జీలు తిని, వెనక వచ్చిన బస్సెక్కి హిందూపురం చేరారు. ఎవరికీ గోరంత గాయం కాలేదు. బజ్జీలు కూడా బాగున్నాయని విన్నాను. కానీ ధర్మవరం చేరేసరికి ఆ కబురు మరోలా తయారైంది. బావను ఫోన్ కాపాడింది! బజ్జీల నుంచి కాపాడిందా అని నేను అడిగాను. ఎవరూ నవ్వలేదు.

అప్పటి నుంచి ఆ వీధిలో నలుగురైదుగురు మగ్గం వాళ్లు ఫోన్ ఆపి వేసి చూసుకోవడం మొదలుపెట్టారు. ఈ శాస్త్రంలో నాకు బాగా మండిన విషయం ఒకటుంది. ఖరీదైన కొత్త ఫోన్ చిటికెలో లేస్తుంది. నాసిరకం పాత ఫోన్ ఈడుస్తూ లేస్తుంది. అంటే డబ్బున్నవాడికి రోజూ మంచి శకునమే, లేనివాడికి రోజూ అపశకునమే. పూర్వం జాతకాలు రాసినవాళ్లు కూడా ఇంత నిస్సిగ్గుగా షావుకారు పక్షం వహించలేదు. ఈ మాట బావతో అంటే, "అయితే కొత్త ఫోన్ కొనియ్యప్పా" అన్నాడు. వాదన అక్కడితో ఆగిపోయింది.

వీధిలో ఎవరు ఏం చూసుకున్నా నేను ఒక వ్యాసం రాసి ఊరుకునేవాణ్ణి. కానీ బావ కళ్లలో పొరలు వచ్చాయి. కుడికన్ను బాగా ముదిరింది, ఎడమకన్నులో మొదలైంది. హిందూపురంలో కంటి డాక్టరు పరీక్షలన్నీ చేసి, కుడికన్నుకు తొందరగా ఆపరేషన్ చేయాలని, ఆలస్యం చేస్తే లోపల ఒత్తిడి పెరిగి చూపే పోవచ్చని గట్టిగా చెప్పాడు. వెంట్రుక కంటే సన్నని పట్టుపోగును కంటితో పట్టుకుని బతికే మనిషికి అది ఎంత పెద్ద మాటో వేరే చెప్పనక్కర్లేదు. రెండుసార్లు తేదీ ఇచ్చారు. రెండుసార్లూ బావ ఫోన్ ఆపి వేశాడు, కాఫీ తాగాడు, చెప్పులు విప్పాడు.

రెండోసారి విప్పిన రోజున అక్క నాకు ఫోన్ చేసింది.

"ఊరూరా తిరిగి మైకు ముందర అరుస్తావు కదరా. మీ బావ ఒక్కనికి చెప్పుకోలేవా?"

"చెప్తే వింటాడా అక్కా?"

"విననోళ్లకు చెప్పేదే కదా నీ పని. వినేటోళ్లకు నువ్వేంటికి?"

నా సాహిత్య జీవితం గురించి ఇంత క్లుప్తంగా ఇంకెవరూ చెప్పలేదు. మూడో రోజున ధర్మవరం బస్సెక్కాను.

నేను వెళ్లేసరికి బావ మగ్గం గుంతలో కాళ్లు పెట్టుకుని, ముక్కు బట్టకు ఆనేంతగా వంగి నేస్తున్నాడు. గుమ్మంలో నిలబడ్డ నన్ను చూసి, "ఎవరప్పా అది?" అన్నాడు. నేను మాట్లాడాక గుర్తుపట్టాడు.

"నువ్వా బామ్మర్దీ! రా, కూర్చో. దేవుడు ల్యాడని చెప్పేకి వచ్చినావా, ఊరికే వచ్చినావా?"

"దేవుడి సంగతి తర్వాత బావా. ఫోన్ సంగతి మాట్లాడదాం."

"మీ అక్క పిలిపించిందా?"

లోపల అక్క గిన్నెల మోత ఒక్కసారిగా ఆగిపోయింది.

నేను సిద్ధమై వచ్చాను. ఫోన్ లేవడానికి ఎందుకు ఆలస్యమవుతుందో రెండు రోజులు చదివి, తెలిసినవాళ్లను అడిగి, దాన్ని మగ్గం భాషలోకి మార్చుకుని మరీ వచ్చాను.

"బావా, తెల్లారి మగ్గంలో కాళ్లు పెట్టగానే నేసేస్తావా?"

"ఎట్ల నేస్తా? దీపం వేసుకోవాల. రాత్రి ఎలుక ఏమన్నా కొరికిందేమో చూడాల. తెగిన పోగులు అతకాల. కండెలకు పట్టు చుట్టుకోవాల. అప్పుడు కదా."

"ఫోన్ కూడా అంతే. బటన్ నొక్కగానే లోపల ఒక చిన్న ప్రోగ్రాం మేలుకుంటుంది. రాత్రి ఎవరైనా దొంగతనంగా ఏదైనా మార్చారా అని పరీక్ష చేస్తుంది. అదే నీ ఎలుకల తనిఖీ. తర్వాత తాళం వేసి ఉన్న సరుకంతా తాళం తీస్తుంది. తర్వాత సిమ్మును పలకరిస్తుంది, టవర్‌ను వెతుక్కుంటుంది. ఆ తర్వాత నువ్వు వేసుకున్న యాప్‌లన్నీ నేనంటే నేనని ఒక్కసారి లేస్తాయి. ఫోన్ పాతదైతే, లోపల సామాను గొంతుదాకా నిండితే, కాళ్లు కదపడానికి చోటు ఉండదు. అందుకే ఆలస్యం. గ్రహాలకూ దానికీ సంబంధం లేదు."

బావ పోగు విసిరే నాడెను పక్కన పెట్టి శ్రద్ధగా విన్నాడు. ఇక్కడ ఒక మాట చెప్పాలి. వేదికల మీద నేను చూసిన పండితులకంటే మా బావ మంచి శ్రోత. అందుకే ఆయనతో వాదించడం కష్టం.

"సరే అబ్బా. ఎలుకలు, కండెలు, అన్నీ నిజమే అనుకుందాం. మరి ఒకొక్క దినం తొందరగా లేస్తాది, ఒకొక్క దినం లేయదు. అదే ఫోను, అదే సామాను. ఏంటికి?"

"ఒక్కోసారి కంపెనీ నుంచి అప్‌డేట్ వస్తుంది బావా. అది వచ్చిన తర్వాత మొదటిసారి లేచేటప్పుడు అన్నిటినీ మళ్లీ సర్దుకోవాలి. ఆలస్యమవుతుంది."

"ఆ అప్‌డేటు ఎవరు పంపిస్తారు?"

"కంపెనీ వాళ్లు."

"నేను ఆస్పత్రికి పోయే దినమే ఏంటికి పంపించినారు?"

"వాళ్లకు నీ ఆస్పత్రి సంగతి ఏం తెలుసు? అందరికీ పంపిస్తారు."

"వాళ్లకు తెల్దు. తెలిసినోడు వాళ్లతో పంపించినాడు. అంతే కదా నేను చెప్పేది."

పక్క మగ్గం మీద నేస్తున్న పొరుగాయన "ఆహా" అన్నాడు. హిందూపురం సభలో నాకు ఎప్పుడూ రాని ఆహా అది.

మాటలతో లాభం లేదు, ప్రయోగమే దారి అనుకున్నాను. మంచం మీద మూడు ఫోన్లు వరసగా పెట్టించాను. అక్కది, బావది, నాది. మూడింటినీ ఒకేసారి ఆపి, ఒకేసారి వేశాం. అక్క ఫోన్‌లో ఏమీ లేదు. చుట్టాల నంబర్లు, నాలుగు ఫోటోలు. అది అందరికంటే ముందు లేచి చక్కగా కూర్చుంది. "చూశావా, సామాను తక్కువ, అందుకే" అన్నాను గర్వంగా. బావ ఫోన్ గుర్తు చూపించి, ఆరిపోయి, మళ్లీ గుర్తు చూపించి, చాలాసేపటికి లేచింది. నాది లేవలేదు.

నా ఫోన్ నిండా నా ఉపన్యాసాల వీడియోలు ఉన్నాయి. మూఢనమ్మకాల మీద పెనుకొండలో చేసినవి, రామగిరిలో చేసినవి, కనగానపల్లిలో నలుగురు శ్రోతల ముందు చేసినవి. ఒక్కటి కూడా తీసేయడానికి మనసొప్పక అన్నీ ఉంచుకున్నాను. దానికి తోడు పొద్దున ఏదో అప్‌డేట్ కూడా వచ్చినట్టుంది. ఆ హేతువాదమంతా మోయలేక ఫోన్ మూలుగుతోంది. మేం ముగ్గురం దాని వైపే చూస్తూ కూర్చున్నాం. అక్క లేచి వెళ్లి బియ్యం కడిగి పొయ్యి మీద పెట్టి వచ్చింది. కంపెనీ గుర్తు అలాగే వెలుగుతోంది.

బావ నా భుజం మీద చెయ్యి వేశాడు. ఆ గొంతులో వెటకారం లేదు, నిజమైన ఆదుర్దా ఉంది.

"బామ్మర్దీ, ఈ పొద్దు నువ్వు పెనుకొండకు పోవద్దు. ఈడే పండుకో."

ఆ సాయంత్రం పట్టుదలగా బావ ఫోన్ శుభ్రం చేయడానికి కూర్చున్నాను. తెరిస్తే లోపలంతా శుభోదయాలే. పొద్దున్నే చుట్టాలు పంపే గులాబీ పూలు, వాటి మధ్య దేవుళ్లు, దేవుళ్ల పక్కన మళ్లీ గులాబీలు. సోమవారానికి ఒక దేవుడు, మంగళవారానికి ఒకడు, శనివారానికి ముగ్గురు. వేల బొమ్మలు! అన్నీ కలిపి ఎంచుకుని తుడిచేయబోతుంటే అక్క వెనక నుంచి చూసింది.

"ఒరేయ్, దేవుళ్లను తుడిపేస్తాండావా?"

"ఇవి దేవుళ్లు కాదక్కా, మెసేజీలు."

"శనివారం పూట వెంకటరమణస్వామిని తుడిపేస్తావా? ఒళ్లు ఎట్లుండాది నీకు? గులాబీలు తుడుపుకో పో."

నా జీవితంలో విగ్రహాలు పడగొట్టే అవకాశం వచ్చింది ఆ ఒక్కసారే. అది కూడా శనివారం అడ్డొచ్చి సగంలో ఆగింది. చివరికి ఒప్పందం కుదిరింది. ఒక్కో దేవుడివి ఒక్కో బొమ్మ ఉంచి, మిగతావి తీసేశాను. చోటు బాగానే ఖాళీ అయింది. కానీ ఫోన్ మాత్రం మంచం మీద ఊరికే ఉన్నంతసేపు బాగుంటోంది, చేతిలోకి తీసుకోగానే ఒక్కోసారి ఆరిపోయి మళ్లీ మొదటికి వస్తోంది. ఇది సామాను గొడవ కాదని అప్పుడు అర్థమైంది. లోపల ఏదో చెడింది.

"హిందూపురంలో రిపేరు చేయిద్దాం బావా" అన్నాను.

ఆయన ఎగిరి గంతేశాడు. ఫోన్‌కు ఆపరేషన్ అంటే ఆయనకు ఏ భయమూ లేదు. "మంచిగా బాగయి తొందరగా లేసిందనుకో, అప్పుడు ఆస్పత్రికి కూడా పోతా. మాట అంటే మాట" అని అక్క ముందు చెయ్యి ఎత్తి మరీ చెప్పాడు.

సోమవారం పొద్దున బయలుదేరే ముందు యథాప్రకారం ఫోన్ ఆపి వేసి కాఫీ అందుకున్నాడు. ఊదుకుంటూ, మధ్యమధ్యలో పొరుగాయనతో వానల గురించి మాట్లాడుతూ, గ్లాసు అడుగున ఒక గుటక మిగుల్చుకుని మరీ కూర్చున్నాడు. ఫోన్ తీరిగ్గా లేచాకే ఆ గుటక తాగాడు. అక్క నన్ను వంటింట్లోకి లాగింది.

"చూసినావా? ఆస్పత్రికి అన్న దినం కుతకుత ఉడికేది గటగటా గొంతులో పోసుకున్నాడు. నాలుక కాలి రెండు దినాలు మజ్జిగన్నమే తిన్నాడు."

నేను గోడకు చేరగిలబడ్డాను. ఫోన్ ఎంతసేపట్లో లేస్తుంది, ఎందుకు లేస్తుంది అని నేను చదివిన చదువంతా దండగే. గడియారం ఫోన్‌లో లేదు, బావ గొంతులో ఉంది. వెళ్లాలనుంటే కాఫీ నిదానంగా దిగుతుంది, వద్దనుకుంటే ఒక్క గుక్కలో దిగుతుంది. మూఢనమ్మకం అంటే మనిషి దానికి బానిస అని ఇన్నాళ్లూ రాశాను. ఇక్కడేమో అది ఆయన దగ్గర జీతానికి కుదిరినట్టుంది.

రైల్లో ముగ్గురం హిందూపురం వెళ్లాం. డాక్టరు చీటీలు, ఒక జత బట్టలు అక్క సంచి అడుగున పెట్టుకుంది. బావకు చెప్పలేదు. పెనుకొండ స్టేషన్‌లో రైలు ఆగినప్పుడు, "నువ్వు దిగిపోతావా బామ్మర్దీ, మీ ఊరు వచ్చె" అన్నాడు బావ చాలా ప్రేమగా. నేను కదల్లేదు.

హిందూపురంలో స్టేషన్‌కు దగ్గర్లోనే ఫోన్ రిపేరు దుకాణం ఉంది. దాని యజమాని ఒక ముస్లిం పెద్దమనిషి, మాటకారి. ఫోన్ చేతిలోకి తీసుకుని, పక్కనున్న బటన్‌ను వేలితో తడిమి, చిన్న బ్లేడుతో దాని చుట్టూ గీకాడు. పసుపురంగు పొడి రాలింది. తర్వాత ఎర్రపొడి రాలింది. వాసన చూసి నవ్వాడు.

"ఏమన్నా, ఫోన్‌కు పూజ చేసినారా?"

"ఆయుధపూజకు చేసినాం" అన్నాడు బావ. "మగ్గానికి గంధం, కుంకుమ పెట్టినాం. దీనికీ పెట్టినాం. ఇదీ పనిముట్టే కదా."

"పెట్టండి, వద్దనేది లేదు. కానీ బొట్టు ముఖాన పెట్టాల, నడుముకు పెడితే ఎట్లన్నా? గంధం లోపలికి దిగి ఎండిపోయె. బటన్ నొక్కుకున్నది నొక్కుకున్నట్టే ఉండిపోతాది. మీరు అస్తమానం నొక్కి పట్టుకున్నారని దానికి లెక్క. ఆరిపోతాది, మళ్లా లేస్తాది, లేస్తానే మళ్లా నొక్కినట్లుంటాది."

"ఇట్లాంటివి ఇంకా వస్తాయా?" అని అడిగాను ఆత్రంగా. నాకు ఒక మంచి వ్యాసం కళ్ల ముందు కదులుతోంది.

"ఏమడుగుతారు సార్! దసరా అయినాంక మీ ఫోన్లు గంధంతో వస్తాయి, రంజాన్ అయినాంక మావోళ్ల ఫోన్లు అత్తరుతో వస్తాయి. అందరి దేవుళ్లూ కలిసి నాకు అన్నం పెడతాండారు."

దూదిని ఏదో ద్రవంలో ముంచి బటన్ శుభ్రం చేసి, ఆపి వేసి చూపించాడు. గుర్తు వచ్చింది, నిలబడింది, బావ దేవుడు ప్రత్యక్షమయ్యాడు. శుభోదయాలు పోయిన చోటంతా కలిసొచ్చి, చెప్పుకోదగ్గ వేగంతోనే లేచింది. "దీనికేం దుడ్లు వద్దులే అన్నా, చీర కొనేకి నేను ధర్మవరం వచ్చినప్పుడు గుర్తుపెట్టుకో" అన్నాడు పెద్దమనిషి.

బావ ఫోన్ కళ్లకు దగ్గరగా పెట్టుకుని చూశాడు. చేతిలో కాఫీ లేదు. ఒక్క గుక్కలో మింగేయడానికి ఏమీ లేదు. కాసేపు నిలబడి, మాట తప్పని మనిషిలా గొంతు సవరించుకున్నాడు.

"శకునం బాగుండాది. పదండి, ఆస్పత్రికి పోదాం."

అక్క కళ్లు మెరిశాయి. ఆస్పత్రి రెండు వీధుల అవతలే. నేను చేయాల్సిందల్లా నోరు మూసుకుని వెనకాల నడవడం. అక్క కూడా అదే అనుకుంది కాబోలు, నా మోచేతి మీద గోరు గుచ్చి పట్టుకుంది.

కానీ ఒక్కసారి ఆలోచించండి. కుడికన్ను శకునం మీద వెళితే రేపు ఎడమకన్ను కూడా శకునం మీదే వెళ్లాలి. మళ్లీ దసరా వస్తుంది, మళ్లీ గంధం వస్తుంది. ఎవరి మేలు కోసమైనా సరే, అబద్ధాన్ని ఇవాళ మన పనికి వాడుకుంటే రేపు అది దాని పనికి మనల్ని వాడుకోదా? ఇదంతా నేను ఆ క్షణంలోనే ఆలోచించానని చెప్పను. ఆ క్షణంలో నోరు దానంతటదే తెరుచుకుంది.

"బావా, ఇది శకునం కాదు. గంధం. గంధం తీశారు కాబట్టి లేచింది."

అక్క గోరు తీసేసింది. ఆ తర్వాత ఆమె నా వైపు చూసిన చూపు ఎలాంటిదో రాయలేను.

బావ దుకాణం ముందున్న బల్ల మీద నింపాదిగా కూర్చున్నాడు.

"అయితే శకునం అనేదే ల్యాదంటావు."

"లేదు."

"అది లేయనప్పుడు పోవద్దనీ కాదు."

"కాదు."

"లేసినప్పుడు పొమ్మనీ కాదు."

"...కాదు."

"మరి నేనేంటికి పోవాల? ఫోన్ లేస్తే పోతానని మాటిచ్చినా. లేసేదానికి అర్థమే ల్యాదని నువ్వే చెప్తివి. ఇంగ ఆ మాట యాడుండాది? పదండి, రైలుకు టయిమైతాది."

తర్కశాస్త్రం మీద నాకున్న గౌరవం ఆ బల్ల దగ్గర కొంత తగ్గింది. ఒక్క తప్పు లేదు ఆయన మాటల్లో. నేను నేర్పిన పాఠమే, నాకే అప్పజెప్పాడు. దుకాణం పెద్దమనిషి తల బయటకు పెట్టాడు.

"సార్, అన్న ఆస్పత్రి లోపలికి పోయినాంక చెప్పింటే అయిపోయేది కదా."

"సత్యం చెప్పడానికి వేళాపాళా ఉంటుందా?" అన్నాను. నాకే ఆ గొంతు మైకులోంచి వచ్చినట్టు వినిపించింది.

"నువ్వు ఉండు" అంది అక్క. అప్పటిదాకా ఆమె సంచి పట్టుకుని నిలబడే ఉంది. సంచి కింద పెట్టి బావకు ఎదురుగా వచ్చింది.

"ఏమయ్యా, భయమైతాందా?"

"నాకేం భయం."

"భయముంటే భయమని చెప్పు. ఫోను మీద ఏంటికి పెడతావు?"

బావ ఫోన్ తీసి చొక్కా జేబులో పెట్టుకున్నాడు.

"సరే, నేను ఒకటి చెప్తా విను. నువ్వు పొద్దుగూకులూ నేస్తాండావు కదా. మధ్యాహ్నం నువ్వు పండుకుంటానే నేను మగ్గంలో కూర్చుంటా. నువ్వు నేసింది విప్పుతా. మళ్లీ నేస్తా."

"ఏంటికి?"

"అంచుకు నెమలికంఠం రంగు వేయాల్సిన కాడ ఆకుపచ్చ వేస్తాండావు. నీకు రెండూ ఒకటే మాదిరి కనపడతాండాయి. ఉగాది నుంచీ ఇదే పని నాకు."

నెమలికంఠం రంగును ఆకుపచ్చతో కలిపేయడమంటే ధర్మవరంలో ఎంత అవమానమో, నేను సభలో ముహూర్తం చూసుకుని మాట్లాడితే అంత. బావ ముఖం పాలిపోయింది.

"అబద్ధం. అట్లయితే నాకు తెలీకుండా ఉంటాదా?"

"నాక్కూడా తెలీకుండా ఒక చీర దాటిపోయింది. అంచు సగం నెమలికంఠం, సగం ఆకుపచ్చ. షావుకారు వాపసు పంపించినాడు. నీకు చెప్పలా. నేనే కట్టుకున్నా. మొన్న మా పిన్ని వాళ్లింట్లో పెండ్లికి కట్టుకుంటే, 'ఈ చీర ఎవరు నేసినారో గానీ అంచు బలే కుదిరింది' అని నువ్వే అన్నావు."

దుకాణంలోంచి దగ్గు లాంటి నవ్వు వినిపించి ఆగిపోయింది. నేను నేల వైపు చూశాను. బావ చాలాసేపు తన రెండు అరచేతులనూ ముఖానికి దగ్గరగా పెట్టుకుని చూసుకున్నాడు, వాటి రంగు కూడా ఎవరైనా మార్చేశారేమో అన్నట్టు.

"కంట్లో సూది గుచ్చుతారంట" అన్నాడు చివరికి, చిన్నగా.

ఇదిగో, ఇంతే. ఇన్ని నెలల శాస్త్రం, ఇన్ని గ్లాసుల కాఫీ, నా రెండు రోజుల చదువు, అన్నిటి అడుగునా ఉన్నది ఇంత చిన్న వాక్యం. నేను వ్యాసాల్లో అజ్ఞానం మీద పేజీలు రాశాను. భయం మీద ఒక్క పేరా రాసిన గుర్తు లేదు.

"ఎక్కువమందికి ఇప్పుడు చుక్కలు వేసి మొద్దుబారేలా చేస్తున్నారు బావా. నేను నీతో లోపలికి వచ్చి డాక్టరునే అడుగుతాను. సూది అంటే ఇద్దరం అప్పుడే లేచి వచ్చేద్దాం" అన్నాను. ఆ రోజు మొత్తంలో నేను మాట్లాడిన పనికొచ్చే మాట అదొక్కటే.

బావ లేచాడు. మా ఇద్దరి కోసం ఆగకుండా, తల పైకెత్తి, శూరుడిలా చరచరా నడుచుకుంటూ రెండు వీధులు దాటి, ఆస్పత్రి పక్కనున్న టైలరు దుకాణంలోకి వెళ్లిపోయాడు.

"ఆడ కాదయ్యా, ఈడ!" అని అక్క వెనకాల పరిగెత్తింది.

డాక్టరు చుక్కలే అన్నాడు. ఆ రోజు చేర్చుకుని మర్నాడు పొద్దున ఆపరేషన్ చేశారు. ఎంత తొందరగా అయిపోయిందంటే, అక్క వరండాలో కూర్చుని నన్ను తిట్టడం మొదలుపెట్టి సగంలో ఉండగానే బయటకు తీసుకొచ్చారు. కట్టు విప్పిన రోజు నేను మళ్లీ పెనుకొండ నుంచి వెళ్లాను. బావ కొత్త కన్నుతో నన్ను పై నుంచి కింద దాకా చూశాడు.

"ఏమప్పా, ఇంత ముసలోడివి ఎప్పుడైతివి?"

ఇంటికి వచ్చాక కొన్నాళ్లు మగ్గం ఎక్కకూడదన్నారు. నల్ల కళ్లద్దాలు పెట్టుకుని మగ్గం పక్కన పీట వేసుకుని కూర్చున్నాడు. అక్క నేస్తోంది. నెమలికంఠం అంచు ఎండలో నిగనిగలాడుతోంది. బావ దాన్ని చూసీ చూసీ, ఇక ఉండబట్టలేక అడిగాడు.

"యాడ విప్పినావో చూపించు."

"కొత్త కన్ను కదా, నువ్వే చూసుకో."

ఆయన కళ్లద్దాలు నుదుటి మీదికి ఎత్తుకుని, చుట్టిన బట్టను కొంచెం కొంచెంగా విప్పుతూ వెతికాడు. వేలి కొనతో తడిమాడు, గోటితో గీకి చూశాడు, వెలుతురుకు అడ్డం పట్టి చూశాడు, వెనకవైపు తిప్పి చూశాడు. ఆయన నేత ఎక్కడ ఆగిందో, అక్క నేత ఎక్కడ మొదలైందో ఎంత వెతికినా దొరకలేదు. అక్క తలెత్తకుండా నేస్తూనే ఉంది, కానీ పెదవి చివర నవ్వు దాగడం లేదు.

"ఈ డాక్టరు సరిగ్గా చేసినట్లు ల్యాడే" అన్నాడు బావ.

"అట్లనా?" అంది అక్క.

"ఒంటి కన్నుకు ఇంతే కనపడతాది. రెండోది కూడా చేయించుకుని వస్తా. అప్పుడు పట్టుకుంటా చూడు నిన్ను." నా వైపు తిరిగాడు. "ఏమప్పా, ఊరికే కూర్చోకపోతే ఆ డాక్టరును తేదీ ఎప్పుడో అడగరాదా?"